పచ్చటి గుండ్రంలో మామ్మ

మా పక్కింటి మామ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సాక్చీ బజారులో ఆటో కోసం నిలబడి ఉన్నాను. పొద్దున టీ తాగి గోడకు ఆనుకుని కూర్చుందట, మళ్ళీ లేవలేదు. నేను బారిడీహ్‌లో మా బస్తీకి చేరేసరికి కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. "నువ్వే ముయ్యే. నీ మాటైతే ఇంటాది" అంది అమ్మ. మూశాను.

మామ్మకు పిల్లలు లేరు. ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో భర్త వదిలివెళ్ళిన చిన్న పొలం ఆమె పేరున ఉంది. మరిది దున్నుకుంటాడు, గింజ పంపడు. ప్రభుత్వం రైతులకిచ్చే సాయం మాత్రం ఆమె ఖాతాలోనే పడేది. మెసేజ్ వస్తే నాచేత చదివించుకునేది. అంకె కాదు, తన పేరు. "డబ్బులు అయిపోతాయే. నాను రైతునని గవర్మెంటోడు ఒప్పుకుంటన్నాడు సూడు, అదీ నాక్కావలిసింది."

మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనే మొదట. అమ్మా మామ్మా ఈ హిందీ ఊరికి వలసొచ్చి, ఉక్కు కంపెనీవాళ్ళ అగ్రికో క్వార్టర్లలో అంట్లు తోమేవారు. నన్నూ పనిలో పెడదామని అమ్మ అనుకున్నప్పుడు మామ్మ అడ్డుపడింది. "ఈ పనికి నీ సేతులు సాలవా? దాన్ని సదూకోనియ్యి." నేను చదివింది చాలావరకు ఆమె ఇంట్లోనే.

నిరుడు సాయం ఆగిపోయింది. మనిషి బతికే ఉన్నట్టు వేలిముద్ర వేయాలన్నారు. వెంటనే మరిది ఫోన్ చేశాడు. "నీ పేరెగిరిపోయిందంట గదొదినా. ఇంక నీకు పొలమేటి, మావోడి పేరున రాసియ్యి."

అంట్ల బూడిదకు ఆమె వేళ్ళు ఎప్పుడో నునుపెక్కాయి. కాసిడీహ్ సేవాకేంద్రంలో యంత్రం ముద్ర తీసుకోలేదు. ఇంటికొచ్చి వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని, అంట్లు ముట్టడం మానేసింది. "నారు పోసినట్టేనే. కదపకుంటే గీతలు అయ్యే లేత్తాయి." ఆమె అంట్లు నేనే తోమాను. గీతలు లేవలేదు.

చివరికి ఫోన్‌లో ముఖం చూపించినా చాలన్నారు. ఆ గోడ దగ్గరే కూర్చోబెట్టి ఫోన్ ఎదురుగా పట్టుకున్నాను. తెర మీద ఆమె ముఖం చుట్టూ పచ్చటి గుండ్రం వెలిగింది. రెప్పలార్పమని ఫోన్ హిందీలో చెప్పింది. మామ్మ చేతులు జోడించి, హారతి ముందు నిలుచున్నట్టు కళ్ళు మూసేసుకుంది. ఎన్నిసార్లు చేసినా అంతే.

"మామ్మా, దేవుడు కాదు, ఫోను."

"ఎలుగు ఎదురొత్తే దండమెట్టకుండా ఎలాగే?"

"తర్వాత ఎట్టుకుందువు గానీ, నీ పొలానికి నీళ్ళు ఎటునుంచి వత్తాయి?"

చటుక్కున కళ్ళు తెరిచింది. "తూరుపు గట్టు మీంచి" అంటూ, ఆ గట్టు నా వెనకాలే ఉన్నట్టు చూసి రెప్పలార్పింది. గుండ్రం నిండింది, పేరు నిలిచింది. ఆమె వెంటనే మరిదికి ఫోన్ కలపమంది. "నా కళ్ళలోకి సూసి మరీ ఒప్పుకున్నారు. మీవోడికి సెప్పు."

ఆమె పోయాక కూడా సాయం పడింది. మెసేజ్‌లో ఆమె పేరే ఉంది. మరిది ఇప్పుడు నాకు ఫోన్ చేస్తున్నాడు. "పోయినట్టు బేగి రాయించమ్మా. సదూకున్నదానివి గదా." రాయాలి. అబద్ధం కాదు. కానీ రాసిన క్షణం నుంచి మామ్మ రైతు కాదు.

నిన్న సాయంత్రం ఆ సంగతి రాద్దామని ఆమె ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆ సాయం పేజీ తెరిచాను. ఏది నొక్కానో, పచ్చటి గుండ్రం వెలిగి ముఖం కోసం వెతకడం మొదలుపెట్టింది. గుండ్రంలో గోడ ఉంది. గోడ మీద, ఆమె తల ఆనిన చోట, నూనె మరక ఉంది.

"ఆంఖే ఖోలియే" అంది ఫోన్. కళ్ళు తెరవండి. కాసేపాగి మళ్ళీ అంది.