దుప్పటి మీద మామయ్య గుండీలు

మా అత్తయ్య గుండీల దొంగ. పొద్దున్నే ఆఫీసుకు బయలుదేరే ముందు దండెం దగ్గర ఆగి, ఆరేసిన చొక్కాలను వరసగా చూస్తుంది. కొన్ని రోజులు ఊరికే చూసి వెళ్ళిపోతుంది. కొన్ని రోజులు సంచిలోంచి చిన్న కత్తెర తీసి ఒక గుండీ కోసుకుంటుంది. ఒక్కోసారి రెండు.

చదువుకోసం వాళ్ళింట్లో ఉన్న మూడేళ్ళలో మామయ్య చొక్కాకి గుండీలు పూర్తిగా ఉండటం నేను చూడలేదు. ఆయన బళ్ళో డ్రాయింగ్ మాస్టారు. పిల్లలు పెట్టిన పేరు పిన్నీసు మాస్టారు.

"ఏమే, అది పెళ్ళినాటి చొక్కా!"

"పెళ్ళయిపోయిందిగా."

"మెడ దగ్గరిదైనా వదిలెయ్యవే, జలుబు చేస్తుంది."

"జలుబుతో ఎవరూ పోరు. నా రిజిస్టర్లో ఒక్కరూ లేరు."

అత్తయ్య పని మున్సిపల్ ఆఫీసులో మరణాల రిజిస్టరు రాయడం. ముందురోజు అందులో దిగువ వీధికి చెందిన ఐదేళ్ళలోపు పిల్లల పేరు ఎక్కితే, మర్నాడు దండెం మీద ఒక గుండీ తెగుతుంది. ఆ గుండీ వెళ్ళి ఒక పాత దుప్పటి మీద కూర్చుంటుంది. దుప్పటి మీద నీలం దారంతో ఆ వీధి పటం కుట్టి ఉంది. అటు ముప్పై ఇళ్ళు, ఇటు ముప్పై. ఏ ఇంటి బిడ్డ పోతే ఆ ఇంటి మీద గుండీ.

రాసి ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ ఆ ఇళ్ళకు వెళ్ళేది కూడా. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "బిడ్డకు పట్టిన నీళ్ళు ఎక్కడివమ్మా?" అని అడిగేది.

ఒక ముసలమ్మ మండిపడింది. "ఏడవడానికొచ్చావా, వాకబు చెయ్యడానికొచ్చావా?"

"రెండింటికీ పిన్నీ. ముందు రాసుకోనీ. ఏడిస్తే నా చేతిరాత నాకే అర్థం కాదు."

ఎడమ వరసలో గుండీలు ఇరవై మూడయ్యాయి. కుడి వరసలో రెండే. అత్తయ్య దుప్పటి మడిచి చంకన పెట్టుకుని ఆరోగ్యాధికారి దగ్గరకు వెళ్ళింది. బరువుంటుందని నన్నూ తీసుకెళ్ళింది. నిజానికి దుప్పటి బరువేమీ లేదు.

"ఆ వీధివాళ్ళకు శుభ్రత తెలీదమ్మా," అన్నాడాయన. "చేతులు కడుక్కోరు."

"రెండు వరసలూ ఆ వీధివాళ్ళే సార్. కుడివైపు వాళ్ళొక్కళ్ళే కడుక్కుంటున్నారా?"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"కుడి వరసకు కొళాయిలు ఇవ్వలేదు సార్. అడిగి అడిగి విసిగిపోయి ఎగువ వీధికి వెళ్ళి మోసుకొచ్చుకుంటున్నారు. ఎడమ వరసకు ఇచ్చారు. ఇచ్చిన గొట్టంలోనే ఉంది రోగం. తవ్వించండి."

"దుప్పటిని ఫైల్లో ఎలా పెట్టమంటారు?"

"పెట్టకండి. బల్లమీద పరవండి."

ఆ మధ్యాహ్నమే, అప్పుడు మండిపడిన ముసలమ్మ మనవరాలి పేరు మరణాల రిజిస్టర్లో రాయించడానికి ఆఫీసుకు వచ్చింది. పది నెలల పిల్ల. ఎడమ వరస, తొమ్మిదో ఇల్లు. అత్తయ్య రాసింది, ముసలమ్మ వేలిముద్ర వేసింది. తర్వాత అత్తయ్య సూదీ దారం పట్టుకుని మళ్ళీ అధికారి గదిలోకి వెళ్ళింది. దుప్పటి ఇంకా ఆయన బల్లమీదే పరిచి ఉంది. సంచి తడిమింది. గుండీ లేదు.

"సార్, మీ చొక్కాది ఒకటి ఇస్తారా?"

నేను నేల చూపులు చూశాను. ఆయన ఏమనుకున్నాడో, ఛాతీ దగ్గరి గుండీ ముందుకు పట్టాడు. అత్తయ్య కత్తిరించి, అక్కడే నిలబడి తొమ్మిదో ఇంటి మీద కుట్టింది.

"ఇంటికెళ్తే మా ఆవిడ అడుగుతుంది," అన్నాడు, చొక్కా దగ్గరకు పట్టుకుని.

"చెప్పండి సార్. పది నెలల పిల్ల అని చెప్పండి."

వాళ్ళావిడ అడిగిందో లేదో తెలీదు. నాలుగోరోజున గునపాలు దిగాయి. మంచినీళ్ళ గొట్టం మురుక్కాలవ అడుగునుంచి పోతోంది. జానెడు పొడవున పగిలి ఉంది. గొట్టం మార్చారు. కుడి వరసకూ కొళాయిలు వేశారు. ఆ తర్వాత ఏడాదంతా ఆ దుప్పటి మీద ఒకే ఒక్క గుండీ పడింది, అదీ న్యుమోనియాది.

పరీక్షలైపోయి ఊరెళ్ళే ముందు, మూడేళ్ళుగా మనసులో మెదులుతున్నది అడిగేశాను. "అత్తయ్యా, కొట్లో డజన్లకొద్దీ దొరుకుతాయిగా. మామయ్య చొక్కాలే ఎందుకు?"

"కొన్నదాన్ని ఎవరు వెతుక్కుంటారే? పొద్దున్నే మీ మామయ్య చొక్కా తొడుక్కుంటాడు, చెయ్యి అక్కడికెళ్తుంది, ఉండదు. ఎవరింటి బిడ్డే అని నన్ను అడుగుతాడు. పేరు చెప్తాను. ఆ పేరు ఇంకో ఇంట్లో కూడా ఒకసారి అనుకోవాలి కదా."

పక్క గదిలోంచి మామయ్య అరిచాడు. "దానికి జేబు మీది గుండీ తీసినా చాలుగా! ఎప్పుడూ ఛాతీ మీదవే కోస్తుంది!"

ఇప్పుడు అత్తయ్య కొత్త దుప్పటి మీద రైలు పట్టాల అవతలి పేట కుడుతోంది. మామయ్య చొక్కాలకు దర్జీ అడక్కుండానే రెండు గుండీలు ఎక్కువ వేస్తున్నాడు.