చెవులాయన, గాజుబుడ్ల యాంప్లిఫయర్

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. చెవులు పెద్దవని కాదు, ఆ మాటకొస్తే చిన్నవే. తయారైన ప్రతి మోటారూ ఆయన బల్ల మీదికి రావాల్సిందే. కర్రపుల్ల ఒక కొసను తిరిగే మోటారుకూ, రెండో కొసను చెవి వెనక ఎముకకూ ఆనించి కళ్లు మూసుకుంటాడు. లోపల బేరింగు గరగరలాడినా, తీగచుట్ట వదులై జుమ్మన్నా ఇట్టే పట్టేస్తాడు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఆయన వద్దన్న మోటారు గురించి ఇంజినీర్లు కూడా మారుమాట్లాడరు.

అలాంటిది ఒకే నెలలో రెండు ఫ్యాన్లు, మోత భరించలేకపోతున్నామంటూ దుకాణం నుంచి వెనక్కి వచ్చాయి. ఫోర్‌మన్ కోప్పడినా బాగుండేది. "వయసు మీద పడుతోంది కదా, ఒకసారి చెవులు చూపించుకోకూడదూ?" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికే చెవులాయన గుండె గుభేలుమంది. డాక్టరు ఏమంటాడోనన్న భయంతో ఆ గుమ్మం మాత్రం తొక్కలేదు.

ఆయన దిగులు చూడలేక, బడిపంతులమ్మ అయిన ఆయన భార్య ఈ సంగతి మేనకోడలి చెవిన వేసింది. ఆ అమ్మాయి పాటలు రికార్డు చేసే స్టూడియోలో పనిచేస్తుంది. ఆదివారం పొద్దున్నే ఒక డబ్బా చంకన పెట్టుకుని దిగింది.

"కొత్తది కొనుక్కున్నాను మామయ్యా, ఈ పాతది మీరు వాడుకోండి. ఫోనులో ఆ కీచు పాటలు ఇంకెన్నాళ్లు వింటారు?"

డబ్బాలో పెద్ద హెడ్‌ఫోనూ, నెత్తిన రెండు గాజుబుడ్లున్న ఇనుప పెట్టె లాంటి యాంప్లిఫయరూ ఉన్నాయి. మీట నొక్కగానే బుడ్ల లోపల ఎర్రగా వెలిగింది. చెవులాయన చటుక్కున ప్లగ్గు పీకేశాడు. "ఏదో కాలుతోందే!"

"కాలడం కాదు మామయ్యా, వేడెక్కడం. కాసేపు ఆగితే గానీ పలకదు."

"అచ్చం మీలాగే. పొద్దున్నే లేచాక అరగంట దాకా ఉలుకూ పలుకూ ఉండదు," అంది భార్య.

పలికాక మాత్రం ఆయన నోరెళ్లబెట్టాడు. నలభై ఏళ్లుగా వింటున్న పాటే. అందులో తబలా మీద అరచెయ్యి జారడం, పాడే ఆవిడ పల్లవికి ముందు ఊపిరి పీల్చుకోవడం ఎన్నడూ విన్న పాపాన పోలేదు. "పాట వెనకాల ఇంత సరంజామా ఉందా!" అన్నాడు. ఆ పూట అన్నం రెండుసార్లు వేడిచేయాల్సి వచ్చింది.

సాయంత్రం మేనకోడలు వెళ్లిపోయాక గాజుబుడ్డి మీద వేలు పెట్టి చుర్రుమనిపించుకున్నాడు. మోటారు అలా వేడెక్కితే కాలిపోతుందని ఆయనకు తెలుసు. మరి దీన్ని కాపాడుకోవద్దూ? తన చేత్తో పాస్ చేసి ఇంటికి తెచ్చుకున్న టేబుల్ ఫ్యాన్ ఒకటి ఉంది, చీమ చిటుక్కుమన్నంత చప్పుడైనా చెయ్యదు. దాన్ని తెచ్చి, యాంప్లిఫయరుకు ఒరుసుకునేలా పెట్టి తిప్పాడు. ఫ్యాక్టరీ బుద్ధి ఎక్కడికి పోతుంది!

మర్నాటి నుంచి మోత మొదలైంది. పాటకూ పాటకూ నడుమ సన్నగా, ఆగకుండా జుమ్మంటోంది. భార్యను పిలిచి వినమన్నాడు. ఆవిడ దిద్దుతున్న జవాబు కాగితాలతో సహా వచ్చి, అవి ఎగిరిపోకుండా ముందు ఫ్యాను కట్టేసి, అప్పుడు హెడ్‌ఫోను పెట్టుకుంది. "ఏ మోతా లేదండీ, నిక్షేపంగా ఉంది." ఆవిడ లేవగానే ఆయన మళ్లీ ఫ్యాను వేశాడు. మళ్లీ మోత. వారంలో నాలుగుసార్లు ఇదే తంతు.

ఇక ఆయనకు అనుమానం లేకపోయింది. మోత యాంప్లిఫయరులో లేదు, తన తలలోనే ఉంది. చెవులు పోతున్నాయి. శనివారం అన్నం కలుపుకుంటూ, "సోమవారం నన్ను ప్యాకింగులో వెయ్యమని అడుగుతాను," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ముఖం వేలాడేసుకుని పాట వింటున్నాడు. ఆవిడ కాగితాల కట్టతో అదే బల్ల దగ్గర కూర్చోబోతూ అలవాటుగా ఫ్యాను కట్టేసింది.

చెవులాయన ఎగిరిపడ్డాడు. "ఏం చేశావ్?"

"ఫ్యాను కట్టేశాను. కాగితాలు..."

"మళ్లీ వెయ్యి!" వేసింది. "కట్టెయ్యి!" కట్టేసింది. "వెయ్యి!"

"మీకేమైనా పిచ్చెక్కిందా?"

ఫోను చేస్తే మేనకోడలు పరుగున వచ్చింది. యాంప్లిఫయరు పక్కన ఫ్యాను చూసి పకపకా నవ్వింది. "మోటారుని దానికి అంటించి పెడితే, బయటికి చప్పుడు లేకపోయినా దాని కరెంటు మోత లోపలికి దూరదూ? బుడ్లు వేడిగా ఉండాల్సినవే మామయ్యా, వాటికి గాలెందుకు!" అని, తనూ హెడ్‌ఫోను పెట్టుకుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ అమ్మాయికి ఏమీ వినపడలేదు. కళ్లు మూసుకుంది. నిమిషం గడిచాక వేలెత్తింది.

"ఆఁ, ఉంది. మీరు చెప్పబట్టి గానీ నేనైతే పట్టుకునేదాన్ని కాదు. ఇవేం చెవులు మామయ్యా!"

చెవులాయన కుర్చీలో చతికిలబడ్డాడు. ఆనందం పట్టలేక ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. కాసేపటికి తేరుకుని, "మరి ఆ రెండు ఫ్యాన్లు ఎలా జారిపోయాయే?" అన్నాడు భార్యతో. జవాబూ తనే చెప్పుకున్నాడు. "బల్ల మీదికి సరుకు రెట్టింపయింది. పుల్ల అలా ఆనించి ఇలా తీసేస్తున్నాను. నిజానికి నేను వినడమే మానేశాను."

సోమవారం ఆయన ప్యాకింగు ఊసెత్తలేదు. మొదటి మోటారుకు పుల్ల ఆనించి, మనసులో పది లెక్కపెట్టుకునే దాకా తియ్యలేదు. రెండోదానికీ అంతే. చూస్తుండగానే బల్ల వెనక మోటార్లు బారులు తీరాయి. ఫోర్‌మన్ ఆదరాబాదరాగా వచ్చాడు.

"ఏంటయ్యా ఆలస్యం? చెవులు వినపడటం లేదా?"

చెవులాయన కళ్లు తెరవకుండానే చెయ్యెత్తాడు. "ఉండండి సార్, వింటున్నాను."