రేడియో పట్టుకుని ఒడ్డు వెతికిన రోజు

తాంబూలాలు పుచ్చుకోవాల్సిన రోజున పిల్ల తండ్రినే సముద్రంలో పోగొట్టబోయిన పెళ్లికొడుకుని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నేరం నాదే, రేడియోది కాదు. అది ఇప్పుడు లేదు గనక దాని మీదికి నెట్టినా కాదనేవాళ్లు లేరు. అయినా నెట్టను.

లేదన్నది మా ఇంట్లో రేడియో పెట్టెని కాదు, స్టేషనే పోయింది. మా పాలేనికి దక్షిణంగా ఇసక దిబ్బల మీద, సర్వి తోటలకి, అదే సరుగుడు తోటలకి, పైన తలెత్తుకుని ఉండేది దాని ఇనప స్తంభం. నేను నిక్కరేసుకునే రోజుల్లో అది లేచింది. పేపరు చదివేవాడు మా పాలెంలో ఒక్కడూ లేడు, నేను గూడా అప్పటికి వేలిముద్రగాణ్ణే. గాలెట్టా ఉందో, వేటకి పోవచ్చో లేదో, అంతా ఆ స్తంభమే చెప్పేది. పొద్దున్నే ఒక ఆడమనిషి మాట్లాడేది. పేరు తెలియదు, మొహం తెలియదు. రేడియో అక్క అనేవాళ్లం. ఒకసారి గాలివానకి రెండు రోజులు ఇంటికి పోకుండా ఒకటే మాట చెప్పింది, "అన్నలారా, తెప్పలు దించొద్దండి" అని. సొంత అక్క చెప్పినా వినని మొద్దులు గూడా విన్నారు. తర్వాత సెల్లులొచ్చినాయి, వినేవాళ్లు తగ్గినారు, పోయిన వానాకాలంలో ఆపేసినారు. స్తంభాన్ని ముక్కలు కోసి లారీకెత్తుతుంటే నా కంట్లో ఇసక పడింది. గాలి లేని రోజున.

సరే, నా నిర్వాకానికి వస్తా.

దారి కనబడనప్పుడు ఆ స్తంభం ఎటుందో రేడియోతో కనిపెట్టే కిటుకు ఒకటుండేది. పెట్టెను అడ్డంగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట గొంతు సన్నబడి చచ్చిపోతుంది. అప్పుడు పెట్టె కొన ఎటు చూస్తుందో స్టేషను అటున్నట్టు. ఒడ్డు కనబడతా ఉన్నప్పుడు నేను వందసార్లు తిప్పి చూసినా. ప్రతిసారీ స్టేషన్లు మార్చే మర ఉన్న కొన స్తంభం వైపే చూసేది. ఎందుకు చూడదు? నేనే దాన్ని అటు తిప్పి పట్టుకునేవాణ్ణి. పెట్టెకి రెండు కొనలుంటాయనీ, రెండో కొనని అటు తిప్పినా గొంతు అట్టాగే చస్తుందనీ నా బుర్రకి తట్టలేదు.

పక్క పాలెంలో చెంగమ్మను నాకిస్తామన్నారు. ఆమె నాయన పెంచలయ్య మామకి మాటలు తక్కువ, చూపు ఎక్కువ. "తాంబూలాలు పదింటికి గదా. దానికి ముందు నాతో వేటకి రా. నీ పని చూసినాకే ఆకు ముట్టుకుంటా" అన్నాడు. నేను తోలు చొక్కా తొడిగిన రేడియోను భుజాన వేసుకుని, ఆ తెల్లారే పెళ్లైనట్టు పోయినా.

వల లాగేటప్పటికి మంచు దిగింది. నా తెడ్డు మొదలు నాకు కనబడతా ఉంది, కొస కనబడటంలేదు. మామ ఏదో చెప్పబోయినాడు.

"నువ్వు ఊరికే కూర్చో మామా. దారి నేను చూపిస్తా."

మామ కూర్చున్నాడు. రేడియో తిప్పినా. అక్క గొంతు సన్నబడింది. మర కొన చూసిన వైపుకి తెప్ప మళ్లించి, కల్లంగడి మూసే వేళకి పరిగెత్తేవాడిలాగా తెడ్డేసినా.

గంట దాటింది. పచ్చగా ఉండాల్సిన నీళ్లు సిరాబుడ్డి ఒలికినట్టయినాయి. నీళ్లేంది నల్లబడినాయని మామ అడిగితే, మంచు నీడన్నా. అక్క గొంతు నీరసించిందంటే, బ్యాటరీలన్నా. ఆయన తాడుకి రాయి కట్టి దించినాడు. తాడంతా అయిపోయినా అడుగు తగల్లేదు. ఇక్కడ గుంట ఉందన్నా. నలభై ఏళ్లుగా ఆ నీళ్లలో వేటాడే మనిషికి, లేని గుంటను తవ్వి చూపించినా! ఆయన తలగుడ్డలోంచి చుట్ట తీసి ముట్టించుకున్నాడు.

అప్పుడు విడింది మంచు. ఎదురుగ్గా, నా ముక్కుకి సూటిగా, బారెడు పైకెక్కిన సూర్యుడు.

"అల్లుడూ," అన్నాడు మామ పొగ వదులుతా, "మీ పాలెంలో పొద్దు సర్వి తోటలోంచి పొడుస్తుందా?"

వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డు లేదు, తోట లేదు, స్తంభం గోరంత గూడా లేదు. తెడ్డు మామ తీసుకున్నాడు. అలలు పోయేది ఒడ్డుకే గదా, వాటి వెంట పోతే చాలని, ఆ సంగతి తనకి ముందునుంచీ తెలుసని అప్పుడు చెప్పినాడు. మరి చెప్పలేదేం మామా అంటే, "నువ్వు కూర్చోమన్నావు, కూర్చున్నా" అన్నాడు.

ఒడ్డు చేరేటప్పటికి పొద్దు నడినెత్తిన ఉంది. రెండు పాలేల ఆడవాళ్లు సముద్రానికి దండాలు పెడతా ఉన్నారు. చెంగమ్మ కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి, నాయన కోసమో నాకోసమో అడిగే ధైర్యం నాకు లేదు. పిల్లోడి పని ఎట్టా ఉందని వాళ్ల కులపెద్ద అడిగినాడు. ఇంక చెంగమ్మ నాకు లేదనుకుని తల దించుకున్నా. మామ తాంబూలం పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

"వీడికి సముద్రం రాదు. అది నేను నేర్పుకుంటా. కానీ ఒక ఆడమనిషి గొంతు నమ్మి, తూర్పో పడమరో అడక్కుండా, పొద్దెక్కిందాకా తల వంచుకుని తెడ్డేసినాడు. మా చెంగమ్మకి ఇట్టాంటోడే కావాలి."

చెంగమ్మ గొంతు నమ్మి నలభై ఏళ్లకి పైగా అట్టాగే తెడ్డేసినా. ఆమె చూపిన దారి ఒక్కసారి గూడా తప్పలేదు. నాలుగేళ్ల కింద నన్ను ఒడ్డున వదిలేసి తానొక్కతే పోయింది. ఇప్పుడు పెట్టెను ఎటు తిప్పినా ఒకటే గరగర.

అందుకని డెబ్బై దాటిన ఈ వయసులో గంగమ్మ సాక్షిగా ఒట్టేస్తున్నా: పిల్లనిచ్చే మామను ఎవర్నీ, ఎన్ని ఊళ్లు రాసిచ్చినా సరే, రేడియో పట్టుకుని సముద్రం మీదికి తీసుకుపోను. పిలిచే గొంతే లేకపోతే తెడ్డు ఎటని వెయ్యాలి?