చౌడమ్మక్క లేని సాక్ష్యం

మా అమ్మాయి వయసెంతో నా బరువు వయసూ అంతే. దాన్ని చంకనెత్తుకున్న రోజుల్లోనే దీన్నీ ఎత్తుకున్నాను. అది చంక దిగింది, నడిచింది, బడికి పోయింది, ఇప్పుడు హిందూపురంలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఇది మాత్రం దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇంత ధైర్యంగా మొదలుపెట్టాను.

ముందే చెబుతున్నాను, నేను తలవంచుకుని మాట్లాడే మనిషిని కాదు. ధర్మవరంలో పట్టుచీరల కొంగులకు కుచ్చులు వేస్తాను. నా ముడి ఊడిందని ఇంతవరకు ఏ చీరా వెనక్కి రాలేదు. ఒక్కో ముడి వేస్తూ ఒక్కొక్కరి పేరు తలుచుకుని ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. చీర పూర్తయ్యేసరికి మా వీధి వాళ్లందరి కోసం, మా ఆయన లారీ పోయే దారి కోసం, నన్ను తిట్టిన వాళ్ల కోసం కూడా ప్రార్థన అయిపోతుంది. మోకాళ్లూని చేసే ప్రార్థన కంటే ఈ ముడుల ప్రార్థనలోనే నాకు నెమ్మది ఎక్కువ. నా విశ్వాసం గురించి నేను సిగ్గుపడను, గర్వపడతాను. సిగ్గుపడేది ఒక్కదానికే. ఆ ముడుల్లో ఒక్క పేరు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి తొందరపడేది. ఆ పేరు చౌడమ్మక్క.

చౌడమ్మక్కది మా పక్కిల్లు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, అదీ భుజాలెత్తు. వాళ్లది మగ్గం ఇల్లు. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ నేస్తారు. మేము ఆ వీధికి వచ్చేనాటికి నాకు కొత్తగా పెళ్లయింది, ఇంకా కొత్తగా బాప్తిస్మమయింది. నేనూ మా ఆయనా ఇద్దరం కలిసే తీసుకున్నాం. పెనుకొండలో మా అత్తకు అది సుతరామూ గిట్టలేదు. "పండగలొద్దు, పబ్బాలొద్దు, మేమొద్దు అనుకుంటిరి కదా. రేపు జబ్బు చేసి పడుకుంటే మీ దేవుడే వచ్చి జావ కాసిపెడతాడులే" అని వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా అంది. ఆ మాట నాకు లోపల ముల్లులా దిగింది. జవాబు చెప్పే రోజు రావాలని కాచుకుని ఉన్నాను.

మా అమ్మాయి పుట్టిన నాలుగైదు నెలలకే నేను పడుకున్నాను. టైఫాయిడ్. మా ఆయన లారీ మీద ఎక్కడో ఉన్నాడు. మా అమ్మ లేదు, అత్త రాదు. జ్వరం దిగడం, మళ్లీ ఎక్కడం. లేచి నిలబడితే గోడలు తిరిగేవి. పసిపిల్ల పక్కన ఏడుస్తుంటే తిప్పి పడుకోబెట్టే సత్తువ కూడా లేదు. ఇక్కడిదాకా నేను ఎక్కడ చెప్పినా నిజమే చెప్పాను.

ఆ తర్వాత జరిగింది ఇది. చౌడమ్మక్క మగ్గం గుంతలోంచి లేచి వచ్చింది. పిల్లను తీసుకుపోయి వాళ్ల మగ్గం పక్కనే చీరతో ఉయ్యాల కట్టింది. ఆ మగ్గం చప్పుడుకే మా పాప నిద్రపోయేది. నాకు రాగిజావ కాసి పలుచగా చేసి తాగించేది, తడిగుడ్డతో ఒళ్లు తుడిచేది, మందులు వేళకు మింగించేది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి నా తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అప్పుడు వాళ్ల మగ్గం మీద పెళ్లిచీర ఉంది, గడువు దగ్గర పడింది. మొగుడు విసుక్కుంటున్నది నాకు గోడ మీదుగా వినబడేది. అయినా వచ్చేది.

ఒక మధ్యాహ్నం నేను ఇక బతకననుకున్నాను. "దేవుడూ లేడు, ఎవరూ లేరక్కా" అన్నాను. నిజంగానే అన్నాను, విశ్వాసిని అయ్యుండి. ఆమెకు కోపం వచ్చింది.

"అట్లనకు మే. మీ దేవునికి చెప్పుకో, ఇంటాడు. నేసేదాన్ని నేసినట్టే ఇడిసి లేసి రావల్లని నాకేల అనిపిస్తాది? ఎవురో లేపితేనే కదా?"

నా బైబిలు ఎక్కడుందో వెతికి తెచ్చి దిండు పక్కన పెట్టింది. బొట్టు పెట్టుకున్న మనిషి, వాళ్లింట్లో చౌడేశ్వరికి దీపం పెట్టి వచ్చే మనిషి, జారిపోతున్న నా విశ్వాసాన్ని పట్టి నిలబెట్టింది. అప్పుడు నాకు ఏడుపొచ్చి కళ్లు మూసుకున్నాను. ఆమె జ్వరం చూడడానికి నా నుదుటి మీద చెయ్యి వేసింది. నీళ్లలో తడిసిన చెయ్యి, చల్లగా ఉంది. దారాలు కోసి గరుకైన వేళ్లు. ఆ చేతి కింద నాకు ఎంత ధైర్యం వచ్చిందో ఇన్నేళ్లు చెప్పుకున్నాను. చెయ్యి ఎవరిదో మాత్రం చెప్పలేదు.

మా సంఘాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతి ఒకటుంది. మేలు పొందిన వాళ్లు లేచి నిలబడి, దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు అని మొదలుపెట్టి, తమకు జరిగింది చెప్పాలి. మంచి పద్ధతే. కష్టంలో ఉన్న వాళ్లకు అది అన్నం లాంటిది. కానీ వినగా వినగా నాకొకటి అర్థమైంది. డాక్టర్లు చేతులెత్తేశారనాలి. అయినవాళ్లు విడిచిపెట్టారనాలి. మనుషులందరూ తప్పుకున్నాకే దేవుడు రావాలి. మనుషులు ఎంత తక్కువైతే సాక్ష్యం అంత పెద్దది.

నేను మొదటిసారి చెప్పింది పెనుకొండ కూటంలో. మా అత్త ఊరు కదా. ఆమె రాలేదు గానీ, ఆమె చెవిన పడుతుందని నాకు తెలుసు. "ఒక్క మనిషి కూడా నా గుమ్మం తొక్కలేదు. ఒక మధ్యాహ్నం చల్లని చెయ్యి నా నుదుటి మీద పడింది. కళ్లు తెరిచి చూస్తే ఎవరూ లేరు" అన్నాను. ముందుగా అనుకుని చెప్పిన మాట కాదు. నోట్లోంచి అదే వచ్చింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. హల్లెలూయా అన్న కేక రేకుల కప్పుకు తగిలింది. అబద్ధం చెప్పాననే ఊహే ఆ క్షణంలో రాలేదు. అత్తకు జవాబు చెప్పాను, అంతే. ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు ఒళ్లు పులకరిస్తూనే ఉంది.

తర్వాత హిందూపురంలో చెప్పాను. గోరంట్లలో చెప్పాను. పుట్టు క్రైస్తవుల మధ్య కొత్తగా వచ్చినదాన్ని, వెనక వరుస దాన్ని, ముందు వరుసకు వచ్చాను. బస్టాండులో ఎవరో గుర్తుపట్టి "మీరు ఆ సాక్ష్యం సిస్టరే కదా" అంటే ఎంత మురిసిపోయేదాన్నో. ఇప్పుడు దాపరికం ఎందుకు, నాకు ఆ మురిపెం చాలా ఇష్టం. దేవునికి మహిమ అంటూనే అందులో నా వాటా నేను తీసుకునేదాన్ని.

ఆ ఏడాది క్రిస్మస్‌కు చౌడమ్మక్కను మా గుడికి నేనే పిలిచాను. మంచి చీర కట్టుకుని వచ్చింది. ఆడవాళ్లందరూ ముసుగు వేసుకోవడం చూసి తానూ కొంగు తల మీదికి లాక్కుని వెనక చాప మీద కూర్చుంది. మా పాప ఆమె ఒళ్లోనే. పాస్టరు అయ్యగారు ఉన్నట్టుండి నన్ను లేపారు. సిస్టరు గారు తమ సాక్ష్యం చెబుతారన్నారు.

లేచాను. ఆమె నాకేసి చూసి నవ్వింది. మనకు తెలిసిన మనిషి మైకు ముందు నిలబడితే సంబరపడి నవ్వుతామే, ఆ నవ్వు. మార్చుకోవచ్చు కదా? ఒక్క మాట, పక్కింటి అక్క వచ్చింది అని? ఎంతసేపు పడుతుంది? కానీ ఈ సాక్ష్యం అప్పటికే అందరూ విన్నది. మారిస్తే, అప్పుడు అట్లా చెప్పారే అంటారు. అదొక్కటేనా కారణం? కాదు. ఆ చెయ్యి మనిషిదైతే నేను మామూలు రోగిని, పక్కింటావిడ సాయంతో తేరుకున్నదాన్ని. ఆ మామూలుతనం నేను ఒప్పుకోలేకపోయాను. గొంతు ఇంకొంచెం పెంచి, ఒక్క మనిషి కూడా నా గుమ్మం తొక్కలేదని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లను చూసి చౌడమ్మక్క కూడా కొట్టింది.

భోజనాల దగ్గర ఆమె పళ్లెం పట్టుకుని నా పక్కకు వచ్చింది.

"బాగా చెప్పినావు మే. నాకే ఏడుపొచ్చె" అంది. తర్వాత గొంతు తగ్గించి, సగం నవ్వుతూ, "అయితే ఆ చెయ్యి నాదే కదమ్మే? ఆ మద్దేన్నం నేనే కదా నీ పక్కన ఉండేది?" అంది.

చుట్టూ మా వాళ్లున్నారు. ఇద్దరు ఇటే చూస్తున్నారు.

"కాదక్కా. అది వేరే. అప్పుడు నువ్వు లేవు" అన్నాను.

ఆమె పళ్లెం పట్టుకున్న తన చేతికేసి ఒకసారి చూసుకుంది. "ఏమోలేమ్మా, జ్వరంలో నీకే బాగా తెలిసుంటాది" అని అన్నం కలుపుకుంది.

మైకులో చెప్పింది ఒక ఎత్తు. ఇది ఒక ఎత్తు. మొదటిది ఆవేశంలో వచ్చిందని సర్దుకోవచ్చు. రెండోది ఆమె ముఖం చూసి, తెలిసి తెలిసి అన్నాను. ఆమె నాతో మాట్లాడడం మానలేదు. కూర చేస్తే గోడ మీదుగా గిన్నె అందించేది. మా పాప ఆమెను అవ్వా అని పిలుస్తూ సగం ఆ ఇంట్లోనే పెరిగింది. మా గుడికి మాత్రం మళ్లీ ఎప్పుడు పిలిచినా, మగ్గం మీద పనుందనేది.

ఇన్నేళ్లూ అట్లాగే గడిపేదాన్నేమో. పోయిన నెల మా అమ్మాయి హాస్టలు నుంచి ఇంటికి వచ్చింది. హిందూపురంలో యువజన కూటంలో నా సాక్ష్యం తాను చెప్పిందట. "అందరూ ఏడ్చారమ్మా" అంది. నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది గర్వమే. నా కూతురు, నా గొంతు, మాట మాటా నాలాగే. అది తాను తెచ్చిన కేకులో ముక్క తీసుకుని పక్కింటికి పరిగెత్తింది. నేను కుచ్చుల పని ముందేసుకుని కూర్చున్నాను. గోడ అవతల అది ఆమెకు కూడా మొత్తం చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క మనిషీ గుమ్మం తొక్కలేదు అన్నదాకా వచ్చి ఆగింది.

"అవ్వా, అప్పుడు నువ్వు ఈన్నే ఉన్నావు కదా? మా అమ్మ దగ్గరికి ఏల రాలేదు?"

మగ్గం ఆగింది. నా చేతిలో దారం ఆగింది. ఆమె ఏం చెప్పినా నేను పడాల్సిందే అనుకున్నాను. చెప్పనీ, చెప్పేస్తే బాగుండు అనుకున్నాను.

"మగ్గం మీద ఉంటినమ్మా. పెండ్లిచీర ఉండె" అంది చౌడమ్మక్క.

నా పరువు కాపాడడానికి తన మేలును తానే కాదనుకుంది. అక్కడ నా గర్వం విరిగింది. నా కూతురికి ఇప్పుడు ఆ అవ్వ అంటే ఏమిటి? జబ్బుతో పడి ఉన్న పక్కింటి పిల్లను వదిలేసి చీర నేసుకున్న మనిషి. అది ఉయ్యాలూగింది ఆ మనిషి ఇంట్లో.

పోయిన ఆదివారం ఎవరూ పిలవకుండానే గుడిలో లేచాను. మళ్లీ సెలవుకు ఇంటికి వచ్చిన మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకునే లేచాను. చౌడమ్మక్క పేరు చెప్పాను. జావ, మందులు, ఆటో, బైబిలు తెచ్చి దిండు పక్కన పెట్టడం, చెయ్యి. అన్నీ చెప్పాను. అది నీ చెయ్యి కాదని ఆమె మొహం మీదే అన్నానని కూడా చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు అయ్యగారు దగ్గి ఏదో పాట ఎత్తారు. ముందు వరుసలో ఒకావిడ చాప మీద కొంచెం అవతలికి జరిగింది. అప్పుడు కూడా నా లోపల ఒక మూల, ఇది కూడా బాగానే చెప్పానే అనుకుంది. నా గుణం అది. దాన్ని కూడా మీ ముందు పెడుతున్నాను.

కానీ ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. నా విశ్వాసం చిన్నదైపోలేదు. మా అత్త ఎగతాళిగా అన్నట్టే నా దేవుడు నిజంగా జావ కాసిపెట్టాడు. బొట్టున్న మనిషిని, మగ్గం మీది మనిషిని పంపి కాయించాడు. దాన్ని నేను అందరి ముందూ గర్వంగా చెప్పుకోవాల్సింది. చిన్నతనమనుకుని దాచాను.

మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎక్కువసేపు పక్కింట్లోనే ఉంది. మూడో రోజు నేనే, గోడ మీదుగా కాదు, వీధి గుమ్మంలోంచి చౌడమ్మక్క ఇంటికి పోయాను. ఆమె మగ్గం మీద ఉంది. నిలబడే చెప్పాను. గుడిలో అందరి ముందూ ఒప్పుకున్నాను అక్కా, నీ పేరు చెప్పాను అన్నాను. మా అమ్మాయి అప్పటికే ఆమెకు చెప్పినట్టుంది. వింటూ రెండు మూడు సార్లు పోగుల మధ్య నాడె అటూ ఇటూ వేసింది. తర్వాత ఆపి నాకేసి చూసింది.

"మంచిదే. ఆ పొద్దు చెప్పింటే ఇంకా బాగుండు మే. ఆ పొద్దు నేను ఆన్నే కూచ్చోనుంటి."

మళ్లీ నేయడం మొదలుపెట్టింది. పొమ్మనలేదు, కూర్చోమనలేదు. క్షమించాననే మాట రాదని నాకు తెలిసిపోయింది. అడగనూ లేదు. ఆమె అన్నది నిజం. జవాబు లేకుండా ఒకరి ముందు నిలబడడం నాకు అదే మొదటిసారి. సిగ్గుగానే ఉంది. అయినా ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆమె కళ్లలోకి చూస్తూ నిలబడగలిగాను.