డ్యూటీ దిగినంక చెప్పు

విమానంలో పనిచేసేవాళ్లు ఊరు కాని ఊళ్లో ఎలా మసలుకోవాలో కంపెనీ ట్రైనింగ్ కన్నా ముందు మా బాపు నేర్పాడు. ఆయన అప్పటికి విమానం ఎక్కి ఎరగడు. కాజీపేటలో రైలింజను డ్రైవరు. బల్లార్షా దాకా బండి నడుపుకుంటూ పోయి, అక్కడ రన్నింగ్ రూమ్‌లో, అంటే డ్రైవర్ల వసతిలో, కునుకు తీసి మళ్లీ బండితో తిరిగొచ్చేవాడు.

నాకు ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం వచ్చిన రోజే ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "జర ఇను బిడ్డా. రూముకు పోంగనే గొళ్లెం సక్కగ పడ్తదా లేదా చూడు. ఎరగని కూర డ్యూటీ దిగినంక తిను, ఎక్కేముందు ముట్టకు. పరదాల సందుకెల్లి ఎలుగొస్తే పిన్నీసులు పెట్టు." డజను పిన్నీసులు ఆయనే కొనిచ్చాడు. ఇప్పటికీ ఏ హోటల్ గదిలోనైనా నా మొదటి పని అదే. కొత్తగా చేరిన అమ్మాయిలకూ చెబుతుంటాను.

అన్ని సలహాలూ పారలేదు లెండి. రన్నింగ్ రూమ్‌లో ఎవరి బియ్యం, పప్పు వాళ్లు తెచ్చి వంటమనిషికిస్తే, ఎవరిది వాళ్లకు వేరుగా వండిపెడతారు. అమ్మ నాకూ మూటలు కట్టింది. నేనో పిచ్చిమొద్దును! మొదటి ట్రిప్పులో ఆ బియ్యం, కందిపప్పు, నాలుగు ఎండుమిరపకాయలు తీసుకెళ్లి పెద్ద హోటల్ రిసెప్షన్ బల్ల మీద పెట్టాను. సాయంత్రం ఏడింటికి వండితే చాలని కూడా చెప్పాను. మా కెప్టెన్ నవ్వీ నవ్వీ తన సూట్‌కేసు మీదే కూలబడ్డాడు.

రైల్వే క్వార్టర్స్‌లో బాపు డ్యూటీకి ముందు పగటిపూట పడుకుంటే ఇల్లంతా గప్‌చుప్. కుక్కర్ విజిల్ కూడా వినపడేది కాదు. అమ్మ గడపలో కూర్చుని కూరగాయలామెను చేతి సైగతో పంపించేది. ఆ మధ్యాహ్నాలంటే నాకు ప్రాణం. చప్పుడు చేయకూడదన్న దానికన్నా పెద్ద కట్టడి ఇంకోటుండేది. డ్యూటీకి పోయే మనిషికి చెడు కబురు చెప్పకూడదు. మాకు జ్వరమొచ్చినా, పక్కింటివాళ్లతో కొట్లాటైనా అమ్మది ఒకటే మాట, "డ్యూటీ దిగినంక చెప్పు." బండి నిండా జనముంటారు, డ్రైవరు మనసు పట్టాల మీదే ఉండాలి కదా.

పోయిన ఎండాకాలం ఆ కట్టడి నాకే తగిలింది. ఢిల్లీ హోటల్లో ఉన్నాను. పొద్దున ఫోన్ చేస్తే అమ్మ, "బాపు పండుకున్నడు బిడ్డా, నువ్వు పైలంగ పో" అన్నది. నమ్మేశాను. రెండు ఫ్లైట్లలో నవ్వుతూ టీలు అందించాను. హైదరాబాదులో దిగి మళ్లీ ఫోన్ చేస్తే అప్పుడు చెప్పింది. పొద్దున్నే గుండెపోటు వచ్చింది, హనుమకొండ దవాఖానలో ఉన్నాడు, డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పలేమంటున్నారు.

యూనిఫాంతోనే కారెక్కాను. బాపును ప్రాణాలతో చూస్తానో లేదో తెలియదు. దారిలో రఘునాథపల్లి దాకా ఏడుపు, దాటాక కోపం. వెళ్లేసరికి స్టెంట్ వేసి గదిలోకి మార్చారు. కళ్లు తెరిచి ఉన్నాడు. అది చూశాక అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"బాపుకు ఏమన్నా అయితే ఎట్ల? నేనాడ నవ్వుకుంట టీలు పోసుడేనా? నీకు మనసెట్లొప్పిందే?"

అమ్మ గొంతు పెంచలేదు. "నీ తమ్ముడు పురిట్లనే పోయిన నాడు గూడ బాపుకు డ్యూటీ దిగినంకనే చెప్పిన. రెండు దినాలకు. ఫోన్ జేస్తమని అందరన్నరు, నేనే వద్దన్న."

తమ్ముడు పోయాడని తెలుసు గానీ ఆ రెండు రోజుల సంగతి నేనెప్పుడూ వినలేదు. నా కోపం చప్పబడింది. "మాకు స్టాండ్‌బై అని ఇంకొకలు ఉంటరమ్మా. ఒక్క మాట చెప్తే నన్ను దించి వాళ్లను ఎక్కిస్తరు. ఎవ్వలకూ నష్టం లేదు."

అమ్మ మంచం వైపు తిరిగింది. "రైల్వేల గూడ ఉండెనా గట్ల?"

బాపు చూపు పైకప్పు వైపు తిప్పుకున్నాడు.

"ఉండె," అన్నాడు. "నా బదులు ఎక్కనీకి ఇంకో డ్రైవరు ఎప్పుడూ ఉండె. నీకు నేనే చెప్పలే."

అమ్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. నా తమ్ముడి కోసం అమ్మ ఏడవడం అదే మొదటిసారి చూశాను.