నా పేజీలో సున్నాలు

మా మనవరాలు తన గడ్డం మీద తానే పిడికిలితో గుద్దుకునేది. పది రోజుల్లో ఆ అలవాటు మాన్పించింది నేనే. ఈ హిందీ ఊళ్లో మేముండే గుఢియారీ పేటలో మా వీధంతటికీ అలాగే చెప్పాను. ఇద్దరు ముగ్గురు సలహాకి కూడా వచ్చారు. ఇప్పుడు నిజంగా జరిగింది రాస్తాను.

పిల్లకి అప్పుడు ఆరేళ్లు. మాటలు రాలేదు. గడ్డం ఎప్పుడూ కమిలి ఉండేది. ఊళ్లోనే తెలీబంధా పేట నుంచి, ఇలాంటి పిల్లలకి నేర్పడానికి వారానికోసారి ఇంటికొచ్చే టీచరమ్మ ఒక నోటుబుక్కు ఇచ్చింది. గుద్దుకునే ముందు ఏం జరిగింది, ఎన్నిసార్లు గుద్దుకుంది, తర్వాత మనం ఏం చేశాం, అన్నీ రాయాలి. పొద్దుటి పేజీ మా కోడలిది. ఆమె ఆస్పత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్లాక మధ్యాహ్నం పేజీ నాది.

నేను రైల్వేలో గార్డుగా రిటైరైనవాణ్ణి. బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో రాయడమే నా ఉద్యోగం. రాయడమంటే, కాస్త సర్ది రాయడం. కోడలి పేజీలో రోజూ పది, పన్నెండు. నా పేజీలో సున్నా, సున్నా, ఒకటి. ఆ ఒకటి నమ్మకం కోసం వేశాను.

అసలు సంగతి, పిడికిలి లేవగానే పిల్ల నోట్లో జీరా బిస్కెట్టు పెట్టేవాణ్ణి. చప్పున ఆగేది. ఐదు నిమిషాలకి మళ్లీ లేచేది. సాయంత్రానికి పాకెట్టు ఖాళీ.

నెల తిరిగేసరికి కోడలు ఒక అర్జీ రాసుకుంది. నాకు టీ ఇస్తూ చెప్పింది.

"ఇకనుంచి నైట్ డ్యూటీలే అడుగుతున్నాను మావయ్యగారూ. పగలు పడుకుంటాను. దానికి నా మొహం ఎంత తక్కువ కనబడితే అంత మంచిదేమో. మీ దగ్గర ఎంత బుద్ధిగా ఉంటోందో చూడండి."

టీలో చక్కెర తక్కువైందన్నాను. సరిపోయింది నిజానికి.

ఆ శనివారం టీచరమ్మ వచ్చినప్పుడు కోడలి ముందే బిస్కెట్ల సంగతీ, దొంగ సున్నాల సంగతీ చెప్పేశాను. ధైర్యంగా చెప్పానని రాద్దామనుకున్నాను గానీ, గోడకేసి చూస్తూ చెప్పాను. టీచరమ్మ తిట్టలేదు. పిడికిలి ఎత్తితే బిస్కెట్టు వస్తుందని పిల్లకి నేర్పింది మీరే దాదాజీ అని హిందీలో నెమ్మదిగా చెప్పింది. పొద్దున్న అమ్మ దగ్గర అది అడుగుతున్నదీ బిస్కెట్టేనట.

కోడలు నా వైపు తిరిగింది. "వారానికెన్ని పాకెట్లు?"

"రెండు."

"మావయ్యగారూ."

"ఏడు."

అప్పటినుంచి టీచరమ్మ చెప్పినట్టు పద్ధతి మారింది. బిస్కెట్టు బొమ్మ అంటించిన అట్టముక్క పిల్ల మన చేతిలో పెడితే వెంటనే ఒక ముక్క ఇవ్వాలి. పిడికిలి లేస్తే ఏమీ ఇవ్వకూడదు. గడ్డానికి దెబ్బ తగలకుండా మన అరచెయ్యి అడ్డం పెట్టాలి. మొదటి నాలుగు రోజులూ గుద్దడం ఎక్కువైంది. నా అరచెయ్యి వాచింది. పందొమ్మిది, ఇరవై మూడు అని ఉన్నదున్నట్టు రాశాను.

పది రోజులు కాదు, నాలుగు నెలలు పట్టింది. పూర్తిగా మానలేదు కూడా.

కొత్త పద్ధతి మొదలెట్టిన మూడో వారంలో ఒక పొద్దున్న కోడలు జడ వేసుకుంటుంటే పిల్ల వచ్చి అట్టముక్క ఆమె ఒళ్లో పెట్టింది. అట్టముక్క తీసుకుని ఏం చెయ్యాలో నేను చెప్పబోయాను. కోడలు నా మాట వినిపించుకోలేదు. బిస్కెట్టు విరిచి ఇచ్చి, జడ సగంలో వదిలేసి, పిల్ల నమిలినంతసేపూ చూస్తూ కూర్చుంది. నైట్ డ్యూటీల అర్జీ ఇక ఇవ్వలేదు.