ఆపిన చెయ్యి

ముందు గంట వినిపిస్తుంది. ఆ తర్వాతే పొగలోంచి క్రేన్, దాని గాజు గదిలో నరసింగరావు ముఖం తేలి వస్తాయి. భిలాయి శివారులోని ఆ ఫౌండ్రీలో కింద నిలబడి క్రేన్‌కి సైగలు చేసే రాజాబాబుకి రోజూ అలాగే తెల్లవారుతుంది. క్రేన్ నిచ్చెన ఎక్కేముందు నరసింగరావు బూట్లు విప్పి, మొదటి మెట్టుని తాకి కళ్లకద్దుకుంటాడు. "సూస్తన్నావు కదా తండ్రీ, సాలు" అంటాడు. అంతకుమించి ఏమీ అడగడు. నిన్న క్రేన్‌కి వేలాడుతున్న, కరిగిన ఇనుము నిండిన బకెట్ ఒక్కసారిగా జారి, రాజాబాబు ముఖానికి సెగ తగిలేంత దగ్గరికి వచ్చి ఆగిపోయింది. "క్యా హాథ్ హై భయ్యా!" ఏం చెయ్యి అన్నా నీది అంటూ అందరూ నరసింగరావుని మెచ్చుకుని లడ్డూలు పంచారు. అతను లడ్డూ ముట్టకుండా, తల వంచుకుని చేతులు జోడించాడు. సిగ్గనుకున్నారు.

ఇవాళ ఫోర్‌మన్ వచ్చి బ్రేకు బాగానే ఉందన్నాడు. కొలిమి మళ్లీ ఎర్రబడింది. నరసింగరావు బూట్లు విప్పలేదు. "ఏటి మావా, నిన్న హీరోవైపోనావని ఇయ్యాల నిచ్చెన నన్నెక్కమంటావేటి?" అని రాజాబాబు నవ్వాడు. అతను దగ్గరికొచ్చి రాజాబాబు భుజం గట్టిగా పట్టుకున్నాడు. "నిన్న ఆపింది నాను కాదురా. బ్రేకు ఏసినా పట్టలేదు. ఎలాగాగిందో ఆ తండ్రికే ఎరుక. ఫోర్‌మన్‌కి సెప్తే నవ్వేసినాడు. ఆ తండ్రిని మళ్లీ పరీక్షించడానికి మనమెంతరా? నానెక్కను. ఎవుడెక్కినా సరే, నువ్వు కింద నిలబడకు."